హీలా కణాల్లో పి53 (డీఎన్ఏ దెబ్బతింటే కణ విభజనను ఆపే ప్రొటీన్) కనబడదు, 293టీ కణాల్లో కుప్పలుగా కనబడుతుంది. రెండింట్లోనూ అది పనిచేయదు. ఎందుకని?

జెల్‌బ్యాండ్:
ఒకే జెల్ మీద నాలుగు సెల్ లైన్ల లైసేట్లు (కణాలను పగలగొట్టి తీసిన ద్రవాలు): హీలా, 293టీ, సీ33ఏ, యూ2ఓఎస్. లేన్‌కి 30 మైక్రోగ్రాముల ప్రొటీన్, పి53ని గుర్తించే డీఓ-1 యాంటీబాడీ. హీలా లేన్ దాదాపు ఖాళీ. యూ2ఓఎస్‌లో సన్నటి బ్యాండ్. 293టీ, సీ33ఏ లేన్లలో మాత్రం చుట్టుపక్కలంతా నల్లబడేంత బ్యాండ్. సీ33ఏ సంగతి సరే, అందులో పి53 జన్యువే మారింది (273వ స్థానంలో ఆర్జినిన్ పోయి సిస్టీన్ వచ్చింది). కానీ హీలా, 293టీల్లో జన్యువు బాగానే ఉంది. అయినా డీఎన్ఏను దెబ్బతీసే డాక్సోరూబిసిన్ ఇస్తే రెండింట్లోనూ పి21 (పి53 మేల్కొలిపే ప్రొటీన్) సరిగా పెరగదు. ఒకచోట పి53 లేకపోవడం వల్ల, ఇంకోచోట ఉండి కూడా. కారణం వైరస్ ప్రొటీన్లే అని తెలుసు. ఒకే లక్ష్యాన్ని రెండు వైరస్‌లు ఇలా ఎదురెదురు దారుల్లో ఎలా దెబ్బతీస్తున్నాయి? దాన్ని ప్రయోగంలో విడదీసి చూపడం ఎలా?

కణచక్రం:
ముందు హీలా సంగతి. అందులో ఉన్నది హ్యూమన్ పాపిలోమా వైరస్ (హెచ్‌పీవీ) 18వ రకం. దాని ఈ6 ప్రొటీన్‌కు సొంతంగా దేన్నీ కోసే శక్తి లేదు, అది ఎంజైమే కాదు. చేసేదల్లా మధ్యవర్తిత్వం. కణంలో ఈ6ఏపీ అనే యూబిక్విటిన్ లైగేజ్ (ప్రొటీన్లకు నాశనపు గుర్తు తగిలించే ఎంజైమ్) ఒకటి ముందునుంచే ఉంది. మామూలుగా దానికి పి53తో పని లేదు. ఈ6 వచ్చి ఈ6ఏపీలోని చిన్న లూసిన్ మోటిఫ్‌ను (ఎల్ఎక్స్ఎక్స్ఎల్ఎల్) తన గాడిలో ఇరికించుకుంటుంది. అప్పుడు ఈ6 మీద పి53 కూర్చునే చోటు తయారవుతుంది. ముగ్గురూ కలిశాక ఈ6ఏపీ పి53కి యూబిక్విటిన్ గొలుసు తగిలిస్తుంది, ప్రోటియాజోమ్ (కణంలో ప్రొటీన్లను ముక్కలు చేసే యంత్రం) దాన్ని నమిలేస్తుంది. హెచ్‌పీవీ 16, 18 ఈ6లు పి53ని ఇలా విచ్ఛిన్నం చేయిస్తాయని 1990లోనే టెస్ట్ ట్యూబ్‌లో చూపించారు.

ఇక్కడ ఒక సంగతి గట్టిగా పట్టుకోవాలి. మామూలు కణంలో పి53ని నాశనం చేయించేది ఎండీఎం2 అనే మరో లైగేజ్. హెచ్‌పీవీ ఉన్న కణంలో ఆ పని ఈ6ఏపీ చేతికి పోతుంది. అందుకే నట్లిన్-3 లాంటి ఎండీఎం2 నిరోధకం హీలాలో పెద్దగా ఫలితం ఇవ్వదు. తాళం ఒక తలుపుకు వేస్తున్నాం, దొంగ ఇంకో తలుపులోంచి వస్తున్నాడు.

టీ_యాంటిజెన్:
293టీ కథ పూర్తిగా వేరు. ఎస్‌వీ40 అనే కోతి వైరస్ లార్జ్ టీ యాంటిజెన్ (708 అమైనో ఆమ్లాలు) పి53ని నాశనం చేయించదు, కౌగిలించుకుంటుంది. పి53 డీఎన్ఏను తాకే భాగం మీదే టీ వెనకసగం వచ్చి కూర్చుంటుంది. డీఎన్ఏను పట్టుకోలేని పి53 ఏ జన్యువునూ మేల్కొల్పలేదు. అలా పట్టుబడి ఉన్నంతకాలం దాని ఆయుష్షు పెరుగుతుంది. మామూలు కణంలో అర్ధాయువు సుమారు 20 నిమిషాలైతే, టీ ఉన్న కణంలో గంటల్లో ఉంటుంది. అందుకే ఆ కుప్ప. నిజానికి 1979లో పి53 దొరికిందే ఇలా: టీ యాంటిజెన్‌ను యాంటీబాడీతో లాగితే వెంట 53 కిలోడాల్టన్ల ప్రొటీన్ కూడా వచ్చింది. ఆ తర్వాత చాలా ఏళ్లు దాన్ని క్యాన్సర్ కలిగించే ప్రొటీన్‌గానే లెక్కేశారు. కణాల్లో ఎక్కువగా ఉంది గనక హాని చేసేదే అనుకున్నారు. మీ జెల్ పెడుతున్న ప్రశ్నా అదే: పరిమాణం చూసి పని గురించి తీర్పు చెప్పవచ్చా?

బ్లాట్_బల్ల:
చెప్పకూడదు. తేల్చాలంటే మూడు మందులు, మూడు ప్రొటీన్లు చాలు.

ఆరు గుంటల ప్లేట్‌లో కణాలు 60–70 శాతం నిండాక ప్రతి సెల్ లైన్‌కీ నాలుగు గుంటలు కేటాయించండి: ఉత్త డీఎంఎస్ఓ, ప్రోటియాజోమ్‌ను ఆపే ఎంజీ132 (10 మైక్రోమోలార్, 4–6 గంటలు), నట్లిన్-3 (10 మైక్రోమోలార్, 16–24 గంటలు), డాక్సోరూబిసిన్ (0.5 మైక్రోమోలార్, 16–24 గంటలు). పి53, పి21, ఎండీఎం2 మూడూ చూడండి. ఇలా రావాలి:

యూ2ఓఎస్: మూడు మందులతోనూ పి53 పెరుగుతుంది. నట్లిన్, డాక్సోరూబిసిన్‌లతో పి21, ఎండీఎం2 కూడా పెరుగుతాయి. దారి మొత్తం బాగుందనడానికి గుర్తు ఇది.

హీలా: ఎంజీ132తో పి53 స్పష్టంగా పైకి వస్తుంది. నట్లిన్‌తో చాలా కొద్దిగా. పి53 తయారవుతోందనీ, తయారైనది వెంటనే పోతోందనీ, పోగొడుతున్నది ఎండీఎం2 కాదనీ ఈ ఒక్క జంటే చెబుతుంది.

293టీ: ఏ మందుకీ పి53లో పెద్ద మార్పు ఉండదు, మొదటే నిండుగా ఉంది కాబట్టి. పి21 మాత్రం యూ2ఓఎస్‌లా స్పందించదు.

సీ33ఏ: 293టీ లాగే కనిపిస్తుంది, కారణం వేరు. ఈ రెండింటినీ విడదీయాలంటే టీ యాంటిజెన్ యాంటీబాడీ పీఏబీ419తో ఇమ్యునోప్రెసిపిటేషన్ చేసి (అంటే టీని దాని వెంట ఉన్నవాటితో సహా బయటికి లాగి) డీఓ-1తో బ్లాట్ చేయాలి. 293టీలో పి53 వెంట వస్తుంది, సీ33ఏలో రాదు. అయితే రెండూ ఎలుక యాంటీబాడీలే కాబట్టి హెవీ చైన్ బ్యాండ్ సరిగ్గా 50–55 కిలోడాల్టన్ల దగ్గర పడి పి53ని కప్పేస్తుంది. పూసలకు యాంటీబాడీని క్రాస్‌లింక్ చేయండి, లేదా బ్లాట్‌కు కుందేలు యాంటీ-పి53 వాడండి. ఈ ఒక్క పొరపాటుతో హెవీ చైన్‌నే పి53 అనుకున్న బ్లాట్లు కోకొల్లలు.

యూబిక్విటిన్ నిచ్చెన చూడాలనుకుంటే లైసిస్ బఫర్‌లో 10 మిల్లీమోలార్ ఎన్-ఇథైల్‌మేలిమైడ్ వేయాలి. లేకపోతే గొలుసులు కోసే ఎంజైములు ట్యూబ్‌లోనే మొత్తం ఊడ్చేస్తాయి. అదే బఫర్‌లో డీటీటీ గానీ బీటా-మెర్కాప్టోఇథనాల్ గానీ ఉండకూడదు, రెండూ ఎన్-ఇథైల్‌మేలిమైడ్‌ను చంపేస్తాయి.

వైరల్_ఆర్ఎన్ఏ:
మంచి పద్ధతి. ఒక్క చేర్పు. హీలాలో పి53ని పెంచిన ప్రతి మందూ పి53 దారిని తాకినట్టు కాదు. ఈ6 అల్పాయుష్షు ప్రొటీన్, దాని ఎంఆర్ఎన్ఏ నిరంతరం తయారవుతూ ఉంటేనే అది నిలుస్తుంది. ఆక్టినోమైసిన్ డీ లాంటి ట్రాన్స్‌క్రిప్షన్ నిరోధకం ఏదైనా ఇస్తే ముందు ఈ6 ఎండిపోతుంది, ఆ వెనకే పి53 లేస్తుంది. ఎక్కువ మోతాదు డాక్సోరూబిసిన్‌తో కూడా ఈ గందరగోళం వస్తుంది. కాబట్టి అదే నమూనాలో ఈ6/ఈ7 ఆర్ఎన్ఏను కొలవకుండా "ఈ మందు ఈ6ఏపీని అడ్డుకుంది" అని రాయకూడదు.

సైక్లోహెక్సిమైడ్ చేజ్‌కూ (ప్రొటీన్ తయారీ ఆపి, ఉన్నది ఎంత వేగంగా తరుగుతుందో చూడటం) ఇదే ఇబ్బంది. 50–100 మైక్రోగ్రాములు/మిల్లీలీటర్ వేసి 0, 15, 30, 60, 120 నిమిషాలకు నమూనాలు తీస్తారు. సైక్లోహెక్సిమైడ్ పి53 తయారీతో పాటు ఈ6 తయారీనీ ఆపేస్తుంది. అందుకే ఆలస్యపు నమూనాల్లో పి53 తరిగే వేగం ఉన్నదానికన్నా తక్కువగా కనబడవచ్చు. అర్ధాయువును మొదటి మూడు బిందువుల వాలు నుంచే లెక్కించడం మేలు.

టీ_యాంటిజెన్:
నా పై పోస్టులో ఒక లోపం ఉంది, సరిదిద్దుతున్నాను. 293టీలో పి53 పోగుపడటానికి టీ ఒక్కటే కారణమన్నట్టు రాశాను. 293 కణాల్లోనే అడినోవైరస్ 5 జీనోమ్ ఎడమ చివర, 1 నుంచి 4344 వరకు న్యూక్లియోటైడ్లు ఇమిడి ఉన్నాయి. అంటే ఆ వైరస్ జన్యువులు ఈ1ఏ, ఈ1బీ రెండూ ఉన్నాయి. ఈ1బీ 55కే ప్రొటీన్ పి53 ముందుభాగాన్ని, అంటే జన్యువులను మేల్కొల్పే భాగాన్ని, పట్టుకుని మూయించేస్తుంది. పూర్తి వైరస్‌లోనైతే ఈ4ఓఆర్‌ఎఫ్6 తోడై కల్లిన్5 లైగేజ్‌తో పి53ని నాశనం చేయిస్తుంది. 293లో ఈ4 లేదు. అందుకని ఈ1బీ 55కే బంధిస్తుంది, పోగొట్టలేదు. కాబట్టి టీ లేని 293 కూడా పి53 అధ్యయనానికి పనికిరాదు. పి53 రిపోర్టర్ ప్రయోగాలను 293లో చేసి "ఇది పి53ని అణచింది" అని తేల్చడం మొదటే పునాది లేని పని.

స్లైడు_చూపు:
పాథాలజీ వైపునుంచి ఒక ప్రశ్న. గర్భాశయ ముఖద్వార నమూనాల్లో పి16 మరకను హెచ్‌పీవీకి బదులు గుర్తుగా వాడతాం. ఒరోఫారింక్స్ గడ్డల్లోనైతే కనీసం 70 శాతం కణాల్లో కేంద్రకం, సైటోప్లాజమ్ రెండూ ఓ మోస్తరు నుంచి గాఢంగా రంగు పట్టాలి. కానీ పి16 కణ విభజనకు బ్రేకు కదా? బ్రేకు అంత గట్టిగా పడి ఉన్న కణం అంత వేగంగా ఎలా విభజన చెందుతోంది? విద్యార్థులు ప్రతిసారీ ఇక్కడే ఆగిపోతారు.

కణచక్రం:
బ్రేకు పడే ఉంది, కానీ చక్రానికి తగలడం లేదు.

మామూలు క్రమం ఇది. పెరుగుదల సంకేతం వస్తే సైక్లిన్ డీ పెరుగుతుంది. అది సీడీకే4, సీడీకే6 అనే కైనేజ్‌లతో జతకట్టి, ఈ2ఎఫ్ అనే జన్యువులు తెరిచే ప్రొటీన్‌ను పట్టి ఉంచే ఆర్‌బీకి ఫాస్ఫేట్లు తగిలిస్తుంది. ఫాస్ఫేట్లు పడ్డ ఆర్‌బీ ఈ2ఎఫ్‌ను వదిలేస్తుంది. ఈ2ఎఫ్ పోయి సైక్లిన్ ఈ, థైమిడిన్ కైనేజ్, డీహైడ్రోఫోలేట్ రిడక్టేజ్, డీఎన్ఏ పాలిమరేజ్ జన్యువుల్ని తెరుస్తుంది. కణం ఎస్ దశలోకి (డీఎన్ఏ నకలు తీసే దశ) అడుగుపెడుతుంది. పి16 అడ్డుకునేది సీడీకే4, 6లను. అంటే అది ఆర్‌బీకి పైన కూర్చున్న బ్రేకు.

హెచ్‌పీవీ ఈ7 ప్రొటీన్ (16వ రకంలో 98 అమైనో ఆమ్లాలు) నేరుగా ఆర్‌బీ మీదకే పోతుంది. 22–26 స్థానాల్లోని ఎల్ఎక్స్‌సీఎక్స్ఈ మోటిఫ్‌తో ఆర్‌బీ జేబును పట్టుకుంటుంది, కల్లిన్2 లైగేజ్‌ను తీసుకొచ్చి ఆర్‌బీని విచ్ఛిన్నం చేయిస్తుంది. ఆర్‌బీయే లేనప్పుడు సీడీకే4 పనిచేసినా చేయకపోయినా ఒకటే. ఆర్‌బీ ఉన్నంతవరకు పి16 జన్యువును అదుపులో ఉంచే తిరుగు నియంత్రణ కూడా పోతుంది. పి16 అడ్డూఅదుపూ లేకుండా పెరుగుతుంది, ఫలితం మాత్రం ఉండదు.

దీనికి రుజువు చాలా సులభం. సీడీకే4, 6లను అడ్డుకునే మందు పాల్బోసిక్లిబ్ 1 మైక్రోమోలార్, 24 గంటలు. ఆర్‌బీ ఉన్న కణాలు జీ1లో (ఎస్‌కు ముందు దశ) ఆగిపోతాయి, ఈ7 ఉన్నవి ఆగవు. ఎథనాల్‌లో స్థిరపరచి (చల్లటి 70 శాతం, చుక్కచుక్కగా, ట్యూబ్ తిప్పుతూ, లేకపోతే కణాలు గడ్డకడతాయి), ప్రొపీడియం అయోడైడ్ 50 మైక్రోగ్రాములు/మిల్లీలీటర్, ఆర్ఎన్ఏజ్ ఏ 100 మైక్రోగ్రాములు/మిల్లీలీటర్ వేసి 37 డిగ్రీల్లో 30 నిమిషాలు ఉంచి ఫ్లోలో చూడండి. ఆర్ఎన్ఏజ్ మరచిపోతే రెండు పోగుల ఆర్ఎన్ఏ కూడా రంగు పట్టి జీ1 శిఖరం అడ్డంగా పాకుతుంది.

ఇంకో మాట: పి16 పాజిటివ్ అంటే హెచ్‌పీవీ అని కాదు, ఆర్‌బీ పోయిందని. ఊపిరితిత్తుల స్మాల్ సెల్ క్యాన్సర్‌లో ఆర్‌బీ1 జన్యువే పోయి ఉంటుంది, అక్కడా పి16 గాఢంగానే వస్తుంది. ఏ అవయవం నుంచి వచ్చిన నమూనా అన్నది తెలియకుండా ఆ మరకకు అర్థం చెప్పలేం.

క్రోమాటిన్_దారం:
ఇక్కడ ఒకదానితో విభేదిస్తాను. పి16 పెరగడాన్ని ఆర్‌బీ నష్టం ఒక్కదానికే అంటగట్టడం సరిపోదు. పి16 ప్రమోటర్‌ను మామూలుగా మూసి ఉంచేది హిస్టోన్ హెచ్3 27వ లైసిన్ మీద పడే మూడు మిథైల్ గుర్తు. ఈ7 వచ్చాక కేడీఎం6బీ అనే డీమిథైలేజ్ పెరుగుతుంది, అది ఆ గుర్తును చెరిపేస్తుంది. కేడీఎం6బీని తగ్గిస్తే హెచ్‌పీవీ కణాల్లో పి16 తగ్గుతుంది. అంటే ఈ7 కణ చక్రాన్ని మాత్రమే కాదు, క్రోమాటిన్ మీది రాతను కూడా మారుస్తోంది.

కణచక్రం:
అంగీకరిస్తున్నాను. నా వివరణ మొదటి మెట్టు మాత్రమే. అయితే పాల్బోసిక్లిబ్ ఫలితానికి కారణం ఆర్‌బీ లేకపోవడమే, అందులో మార్పు లేదు.

జెల్‌బ్యాండ్:
ఈ7 బ్లాట్ అస్సలు రావడం లేదు. లెక్క ప్రకారం 11 కిలోడాల్టన్లు. అక్కడ ఏమీ లేదు. 17 దగ్గర ఏదో ఉంది, అది వేరేదనుకుని వదిలేస్తున్నారు.

బ్లాట్_బల్ల:
అదే ఈ7. ముందుభాగమంతా ఆమ్ల స్వభావపు అమైనో ఆమ్లాలతో నిండి ఉండటం వల్ల ఎస్‌డీఎస్ సరిగా అంటదు, నెమ్మదిగా పరుగెడుతుంది. 15 శాతం జెల్, 0.2 మైక్రాన్ల పీవీడీఎఫ్ వాడండి. 0.45 పొరలోంచి చిన్న ప్రొటీన్లు అవతలికి జారిపోతాయి. ఆర్‌బీ దీనికి పూర్తి వ్యతిరేకం: 110 కిలోడాల్టన్లు, 7.5 శాతం జెల్, ఎక్కువసేపు పరుగెత్తించాలి. అప్పుడే ఫాస్ఫేట్లు ఉన్న పైబ్యాండ్, లేని కిందిబ్యాండ్ విడిపోతాయి. బఫర్‌లో సోడియం ఫ్లోరైడ్ 10–50 మిల్లీమోలార్, ఆర్థోవనడేట్ 1 మిల్లీమోలార్, బీటా-గ్లిసరోఫాస్ఫేట్ 10 మిల్లీమోలార్ లేకపోతే నమూనా తయారయ్యేలోపే ఫాస్ఫేట్లు రాలిపోతాయి. అప్పుడు కణం ఆగిపోయిందని తప్పుగా చదువుతారు.

కంట్రోల్‌గా సీ24జీ మార్పు గానీ 21–24 తొలగింపు గానీ ఉన్న ఈ7 వాడండి. రెండూ ఆర్‌బీని పట్టలేవు. కానీ ఆర్‌బీని మాత్రమే తీసేసిన కణం, ఈ7 ఉన్న కణం ఒకటి కావు. ఈ7 ఆర్‌బీ కుటుంబంలోని పి107, పి130లనూ పడగొడుతుంది.

క్రోమాటిన్_దారం:
జీఎస్‌టీ-ఈ7తో పుల్‌డౌన్ (జీఎస్‌టీ తోక పట్టి పూసలకు అంటించిన ఈ7తో దాని జతప్రొటీన్లను లాగడం) చేసేవారికి: బఫర్లలో ఈడీటీఏ వద్దు. ఈ7 వెనకభాగం జింక్ అయాన్ మీదే నిలబడుతుంది. ఈడీటీఏ ఆ జింక్‌ను లాగేస్తే ఈ7 ఒకదానికొకటి అతుక్కుని ముద్దలవుతుంది, ఆ ముద్దలకు ఏదైనా అంటుకుంటుంది. వాణిజ్యపరమైన ప్రోటియేజ్ నిరోధక మాత్రల్లో ఈడీటీఏ ఉన్నవీ లేనివీ రెండూ దొరుకుతాయి, లేనిదే తీసుకోండి. 5–10 మైక్రోగ్రాముల జీఎస్‌టీ-ఈ7, 20 మైక్రోలీటర్ల పూసలు, 500 మైక్రోగ్రాముల లైసేట్, 4 డిగ్రీల్లో 2 గంటలు, ఆపై 150 మిల్లీమోలార్ ఉప్పు, 0.5 శాతం ఎన్‌పీ-40తో నాలుగు కడుగులు. ఉత్త జీఎస్‌టీ, సీ24జీ రెండూ పక్కన ఉండాలి.

వైరల్_ఆర్ఎన్ఏ:
ఎస్ఐఆర్ఎన్ఏ (ఎంచుకున్న ఎంఆర్ఎన్ఏను నాశనం చేయించే చిన్న ఆర్ఎన్ఏ) దగ్గర అందరూ పడే గొయ్యి ఇంకొకటి. ఈ6, ఈ7 వేర్వేరు ఎంఆర్ఎన్ఏల నుంచి రావు, ఒకే లిఖిత ప్రతి మీద పక్కపక్కన ఉంటాయి. ఈ7 మీదకు ఎస్ఐఆర్ఎన్ఏ వేస్తే ఈ6 కూడా పోతుంది. "ఈ7ని తీసేస్తే పి53 పెరిగింది" అన్న వాక్యం చాలాసార్లు ఇలా పుట్టిందే.

హెచ్‌పీవీ 16లో ఈ6 జన్యువు లోపలే 226 నుంచి 409 వరకు ఇంట్రాన్ ఉంది (18లో 233 నుంచి 416). అది తెగిపోతే పూర్తి ఈ6 రాదు, ఈ6*I అనే పొట్టి రూపం వస్తుంది. ఈ7 ఎక్కువగా ఈ తెగిన ప్రతి నుంచే తయారవుతుంది. అందువల్ల క్యూపీసీఆర్‌కు మూడు ప్రైమర్ జంటలు కావాలి: ఇంట్రాన్ లోపల ఒకటి (పూర్తి ఈ6 మాత్రమే), అతుకు మీద ఒకటి (ఈ6*I మాత్రమే), ఈ7లో ఒకటి (అన్నీ). ఇంట్రాన్ భాగానికే గురిపెట్టిన ఎస్ఐఆర్ఎన్ఏతో పూర్తి ఈ6ను మాత్రమే తగ్గించవచ్చు. ఈ7ని మాత్రమే తీయాలంటే, ఎస్ఐఆర్ఎన్ఏ గుర్తించని కోడాన్లతో రాసిన ఈ6ను తిరిగి ఇవ్వక తప్పదు.

డీఎన్ఏ కలుషితం గురించి కూడా. హెచ్‌పీవీ 16 ఉన్న సెల్ లైన్లలో, సిహాలో హెచ్‌పీవీ ప్రతులు 1–2 మాత్రమే, కాస్కీలో సుమారు 600. డీఎన్ఏజ్ సరిగా పనిచేయకపోతే కాస్కీలో కొలిచేది ఆర్ఎన్ఏ కాదు, జీనోమ్. రివర్స్ ట్రాన్స్‌క్రిప్టేజ్ వేయని గుంట కనీసం 7 సైకిళ్లు వెనకబడి ఉండాలి. అప్పుడే కలుషితం ఒక శాతం లోపు.

స్లైడు_చూపు:
మరి హెచ్‌పీవీ 6, 11లు కూడా ఈ6, ఈ7 తయారు చేస్తాయి. అవి పులిపిర్ల దగ్గరే ఎందుకు ఆగిపోతాయి?

కణచక్రం:
వాటి ఈ6 పి53ని విచ్ఛిన్నం చేయించలేదు. ఈ7 ఆర్‌బీని పట్టుకుంటుంది గానీ పట్టు చాలా బలహీనం. మోటిఫ్ పక్కనే హెచ్‌పీవీ 16లో ఆస్పార్టిక్ ఆమ్లం ఉన్నచోట హెచ్‌పీవీ 6లో గ్లైసిన్ ఉంది. ఆ ఒక్కదాన్ని మారిస్తే పట్టు బిగుస్తుంది. పైగా వైరస్‌కు క్యాన్సర్ వల్ల లాభం లేదు. హెచ్‌పీవీకి సొంత డీఎన్ఏ పాలిమరేజ్ లేదు, పరిపక్వమవుతున్న చర్మకణం తన యంత్రాంగాన్ని అప్పటికే మూసేసింది. దాన్ని మళ్లీ తెరిపించడానికే ఈ7. అకాలంలో ఎస్ దశ మొదలైతే పి53 లేచి కణాన్ని చంపుతుంది, దాన్ని ఆపడానికే ఈ6. వైరస్ డీఎన్ఏ క్రోమోజోములో ఇరుక్కుని, ఆ క్రమంలో ఈ2 జన్యువు తెగిపోతే ఈ6, ఈ7ల మీద కళ్లెం పోతుంది. అక్కడితో వైరస్ సంతతి ఆగిపోతుంది, కణం పెరుగుదల మాత్రం ఆగదు. హీలాలోకి ఈ2ని తిరిగి పంపితే పి53, ఆర్‌బీ రెండూ తిరిగొచ్చి కణాలు వృద్ధాప్య స్థితికి చేరతాయి. అంత కాలం పెరిగిన కణాలు కూడా ఆ రెండు ప్రొటీన్ల మీద ఇంకా ఆధారపడే ఉన్నాయన్నమాట. ఈ మొత్తం విషయంలో నాకు అన్నిటికన్నా ముఖ్యంగా తోచేది ఈ ప్రయోగమే.

క్రోమాటిన్_దారం:
జన్యు నియంత్రణ అంటే పి53, ఆర్‌బీలే కాదు. అడినోవైరస్ ఈ1ఏ పొట్టి రూపం (243 అమైనో ఆమ్లాలు) డీఎన్ఏను తాకదు. అది ఒక చేత్తో ఆర్‌బీని, మరో చేత్తో పి300, సీబీపీ అనే ఎసిటైలేజ్‌లను పట్టుకుంటుంది. ఫలితంగా కణమంతటా హెచ్3 18వ లైసిన్ ఎసిటైల్ గుర్తు బాగా తరిగిపోతుంది. కణం తన ప్రత్యేకత తెలిపే జన్యువులను మూసుకుని, విభజన జన్యువులను తెరుచుకుంటుంది. కాబట్టి 293, 293టీల్లో ఎన్‌హాన్సర్ ఎసిటైలేషన్ లేదా పి300 మీద చేసే ప్రయోగాన్ని ఈ1ఏ లేని కణాల్లో తప్పకుండా తిరిగి చూడాలి.

హెపటైటిస్ బీ హెచ్‌బీఎక్స్ (154 అమైనో ఆమ్లాలు) ఇంకో రకం. వైరస్ డీఎన్ఏ వలయాన్ని మూసి ఉంచే ఎస్ఎంసీ5/6 సముదాయాన్ని డీడీబీ1–కల్లిన్4 లైగేజ్‌కు అప్పగిస్తుంది. ఈ6, ఈ7, ఈ4ఓఆర్‌ఎఫ్6, హెచ్‌బీఎక్స్ నాలుగూ నాలుగు వైరస్ ప్రొటీన్లు, పట్టుకున్న లైగేజ్‌లు నాలుగూ వేరు, ఎత్తు మాత్రం ఒకటే.

జెల్‌బ్యాండ్:
సరే, అయితే అన్ని లేన్లకూ పాజిటివ్ కంట్రోల్‌గా యూ2ఓఎస్ ఒక్కటి చాలా? పి16 కూడా అదే బ్లాట్‌లో చూడాలి.

బ్లాట్_బల్ల:
పి53, పి21లకు చాలు. పి16కు చాలదు. యూ2ఓఎస్‌లో పి16 జన్యువు మిథైలేషన్‌తో మూతబడి ఉంది, ఎంసీఎఫ్7 అనే రొమ్ము క్యాన్సర్ సెల్ లైన్‌లో అసలు తెగిపోయింది. పి16కి హీలానే పాజిటివ్, యూ2ఓఎస్ నెగటివ్. పాల్బోసిక్లిబ్ ప్రయోగానికి మాత్రం యూ2ఓఎస్, ఎంసీఎఫ్7 రెండూ బాగా ఆగుతాయి. ఆర్‌బీ ఉండి పి16 లేని కణాలు అవి.